మూడో అంతస్తులో చప్పుడు

మూడో అంతస్తు, వంటింట్లోంచి

వదిన గారికి,

నమస్కారం. మీరూ అన్నయ్యగారూ బాగున్నారనుకుంటాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ తమ్ముడికి ఈ నెలంతా పగటి డ్యూటీ. కొత్త ఆఫీసు బిల్డింగుల్లో లిఫ్టులు రోజుకొకటి మొరాయిస్తున్నాయట. ఇంటికొచ్చేసరికి మనిషి కూడా మధ్యలో ఆగిపోయిన లిఫ్టులాగే ఉంటున్నాడు, పైకీ రాడు, కిందకీ పోడు.

ఈ సంగతి ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోను హాల్లో ఉంది, ఫోను పక్కన కుర్చీ ఉంది, ఆ కుర్చీలో అత్తయ్య ఉంటారు. అందుకే ఉత్తరం.

మామయ్య పోయాక ఈ రెండేళ్లూ అత్తయ్య పొద్దు ఎలా గడిచేదో మీరు చూశారు కదా. పొద్దున పేపర్లో గళ్లనుడికట్టు, మధ్యాహ్నం ఊలు అల్లిక, సాయంత్రం టీవీ సీరియళ్లు. మీరు పంపిన ఊలుతో నాకు స్వెట్టరు మొదలుపెట్టారు. అది ఒక చెయ్యి దగ్గర ఆగిపోయి రెండు నెలలైంది. గళ్లనుడికట్టు గళ్లు ఖాళీగానే ఉంటున్నాయి. టీవీ పెడితే పదినిమిషాల్లో కునికిపాట్లు. ఏం అత్తయ్యా, నీరసంగా ఉందా అంటే, "లేదే, హాయిగా ఉంది" అంటున్నారు. హాయి అన్న మాట ఆవిడ నోట ఈ మధ్యకాలంలో నేను వినలేదు.

నా పని మీకు తెలుసు. లాండ్రీ కౌంటర్లో నిలబడి, జనం తెచ్చిన బట్టలు విప్పి, ఏ మరక ఎక్కడుందో చూసి చీటీ కట్టడం. ఆ అలవాటు ఇంట్లో కూడా పోదు. అత్తయ్య బట్టలు ఉతకడానికి తీస్తుంటే వీపు వైపు చెమట కట్టి ఎండిన చారలు. మోకాళ్ల దగ్గర గుండ్రంగా దుమ్ము. రోజంతా ఇంట్లో కూర్చునే మనిషికి మోకాళ్ల మీద దుమ్మెందుకు ఉంటుంది? పొద్దున ఒకసారి స్నానం చేస్తారు. నేను ఆరింటికి వచ్చేసరికి మళ్లీ తల తడిగా ఉంటోంది. గట్టు మీద గాజు గ్లాసులు రెండు కడిగి బోర్లించి ఉంటున్నాయి. ఒక మనిషికి రెండు గ్లాసులా?

నేనేదో అన్నానని అనుకోకండి. మీ అమ్మగారు కాబట్టి మీకు చెప్పాలనిపించింది, అంతే.

మీ మరదలు

*

ఆసుపత్రి క్వార్టర్స్, పొద్దున్నే

మరదలికి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్లు మండింది.

మా అమ్మ రెండుసార్లు స్నానం చేస్తే నీకేం నష్టం తల్లీ? నీళ్లు అయిపోతున్నాయా? చెమట పడితే తప్పా? దుమ్ము ఉందంటే ఇల్లు ఊడవలేదని అర్థం. ఆ ఇంట్లో ఊడ్చేదెవరో నేనడగను. నువ్వు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని తమ్ముడు పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు, నేను నమ్మలేదు.

అమ్మ అక్కడ నీకు బరువుగా ఉంటే సూటిగా చెప్పు. ఆవిడ బట్టల మీద మరకలు వెతకక్కర్లేదు. నాకున్నవి రెండు గదులే. అందులో ఒకటి మా ఆయన పుస్తకాలకే చాలదు. అయినా అమ్మకి చోటు లేకపోదు. కానీ ఆ ఇల్లు అమ్మ పేరున ఉందన్న సంగతి కూడా మరిచిపోకు.

పోయినవారం మధ్యాహ్నం ఎక్స్‌రే గదిలో రోగులు లేకపోతే అమ్మకి ఫోన్ చేశాను. ఆయాసపడుతూ ఎత్తింది. "కూర మాడిపోతోందే, తర్వాత చెయ్యి" అని పెట్టేసింది. మూడు గంటలకి ఏం కూర వండుతుంది? నువ్వు ఆవిడ చేత వంట కూడా చేయిస్తున్నావా?

మీ వదిన

తా.క. ఆ రెండో గ్లాసు ఎవరిదో తెలిసిందా?

*

లాండ్రీ కౌంటర్, జనం లేని వేళ

వదిన గారికి,

మీ ఉత్తరం చదివి నాలుగు రోజులు ఏమీ రాయకూడదనుకున్నాను. ఇల్లు ఎవరి పేరున ఉందో నాకు గుర్తుంది. మరిచిపోయే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. అత్తయ్య నాకు బరువు కాదు. పెళ్లయి వచ్చినప్పుడు నాకు బియ్యం కడగడం కూడా చేతకాదు. ఒక్కనాడు కూడా ఎత్తిచూపలేదు ఆవిడ. నా భయం ఆవిడ గురించే. ఇంకెప్పుడూ రాయకు అంటే రాయను.

కానీ తా.క.లో అడిగారు కాబట్టి చెబుతున్నాను.

మా ఎదురింట్లో టైలరమ్మ ఉంది కదా. మొన్న మెట్ల మీద నన్నాపి, "మీ ఇంట్లో మధ్యాహ్నాలు పనేదో జరుగుతున్నట్టుంది" అంది. ఏం పని అన్నాను. "టక్ టక్ టక్ అని ఒకటే చప్పుడు. మధ్యమధ్యలో మీ అత్తగారి కేక. మగగొంతు నవ్వు కూడా వినిపిస్తుంది. నేనెందుకు చెబుతానమ్మా, నాకు కుట్టుకునే పనే సరిపోతుంది" అంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఈపాటికి బిల్డింగంతా తెలిసే ఉంటుంది, మాకు తప్ప.

ఆ రాత్రి కూరలు తరుగుతూ మామూలుగా అడిగాను. "ఇవాళ ఎవరైనా వచ్చారా అత్తయ్యా?" అని. చిక్కుళ్లు తుంచుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. "ఎవరొస్తారే ఈ ముసలిదాని కోసం" అన్నారు. ఆవిడ తనని తాను ముసలిదాన్నని ఎప్పుడూ అనుకోరు, వదినా. అందుకే అది అబద్ధమని నాకు తెలిసింది.

నిన్న వాషింగ్ మెషీను వెనక పడిన సాక్సు తీయబోతే ఒక సంచీ తగిలింది. అందులో కాన్వాసు బూట్లు. తెల్లవి, ఆడవాళ్ల సైజు. అడుగులు అరిగి ఉన్నాయి. దాచినవి దాచినట్టే పెట్టేశాను.

ఇంకొకటి. మా బిల్డింగు కింద తాళాల షాపు ఉంది. మూడు నెలల కిందట మన తలుపు తాళం పాడైతే కొత్తది బిగించింది ఆయనే. అరవై దాటి ఉంటాయి. పొడగరి, మాట తక్కువ. భార్య పోయి చాలాకాలమైందట. నేను గమనించాను కాబట్టి చెబుతున్నా, ఈమధ్య భోజనాల వేళ దాటాక ఆయన షట్టరు దించేసి ఉంటోంది. ఆయన చేసిన తాళం చెవులు ఈ బిల్డింగులో అందరి ఇళ్లకీ ఉన్నాయి. మన ఇంటిది కూడా.

మీ తమ్ముడికి చెప్పలేదు. ఆయన పెట్రోలు, ఈ మాట అగ్గిపుల్ల. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి.

మీ మరదలు

*

ఆసుపత్రి, ఎక్స్‌రే గది

మరదలికి,

మొన్న కోపంలో ఏదో రాశాను, మనసులో పెట్టుకోకు. పెద్దదాన్ని, ఆమాత్రం అనే హక్కు ఉంది కదా.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి చెయ్యి పనిలో లేదు. నిన్న ఒకాయనకి కుడి కాలు తియ్యమంటే ఎడమ కాలు ఫోటో తీశాను. తాళాలవాడా! పోయిపోయి తాళాలవాడా! వాడికి మన ఇంట్లో ఏం పని? నిప్పు లేనిదే పొగ రాదు. నువ్వన్నట్టు చెమట, స్నానం, బూట్లు, మగగొంతు... కలిపి చూస్తే నాకు తోచేది రాయడానికి చెయ్యి రావట్లేదు. కన్నతల్లి గురించి ఎలా రాస్తాను?

అదే కాకపోతే ఇంకోటి. ఒంటరి ఆడది, సొంత ఇల్లు, మెత్తటి మనసు. పేపర్లో రోజూ చదువుతున్నాం కదా. ముందు స్నేహం, తర్వాత సంతకం.

నువ్వు ఒక పని చెయ్యి. సగం రోజు సెలవు పెట్టు. చెప్పకుండా మూడింటికి ఇంటికి వెళ్లు. తలుపు కొట్టకు, నీ తాళంతో తియ్యి. ఏది చూసినా గొంతు ఎత్తకు, ఎదురింటామె చెవులు గోడకే ఉంటాయి. చూసింది చూసినట్టు నాకు రాయి. తమ్ముడికి మాత్రం అస్సలు తెలియనివ్వకు.

ఇదంతా నేను చెప్పానని అమ్మతో అనకు.

మీ వదిన

*

మూడో అంతస్తు, హాల్లోంచి

వదిన గారికి,

వెళ్లాను. చూశాను.

మెట్లెక్కుతుంటేనే చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. మధ్యలో ఆగడం, మళ్లీ టక్ టక్. షాపు షట్టరు దించే ఉంది, చూసుకునే వచ్చాను. తాళం తిప్పాను. చప్పుడు చెయ్యలేదు ఆ తాళం, అంత బాగా బిగించాడు.

మన భోజనాల బల్ల హాలు మధ్యలో ఉంది. కుర్చీలన్నీ గోడవారకి చేరాయి. బల్ల మధ్యన మీ తమ్ముడి లిఫ్టు పుస్తకాలు, ఆ లావుపాటివి, వరసగా నిలబెట్టి ఉన్నాయి. అటువైపు అత్తయ్య. కాన్వాసు బూట్లు, పైకి దోపిన చీర అంచు, ఊడిపోయిన జడ, చేతిలో ఎర్ర బ్యాటు. తాళాలాయన సోఫా కింద సగం దూరి ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "అక్కడ కాదు, ఇంకా ఎడమకి" అని అత్తయ్య చెబుతున్నారు.

టేబుల్ టెన్నిస్, వదినా! మన అన్నం బల్ల మీద టేబుల్ టెన్నిస్!

నన్ను చూసి ఆవిడ ఉలిక్కిపడతారనుకున్నాను. "ఆ తలుపు దగ్గరే నిలబడు, కదలకు. ఈ పాయింటు అవనీ" అన్నారు. ఆయన బంతి పట్టుకుని లేచాడు. నన్ను చూసి తేలు కుట్టినట్టయ్యాడు పాపం, జుట్టంతా దుమ్ము. ఆవిడ మాత్రం "వెయ్యండి, వెయ్యండి" అన్నారు. ఆయన వేశాడు. అత్తయ్య ఎడమవైపు నుంచి ఒక్కటిచ్చారు చూడండి, బంతి పుస్తకాల అంచు రాసుకుంటూ వెళ్లి ఆ మూలన పడింది. ఆయన చూస్తూ నిలబడ్డాడు.

"గెలిచాను" అన్నారు అత్తయ్య. అని అప్పుడు కూర్చున్నారు.

ఆయన వెళ్లిపోయాక అంతా చెప్పారు. తాళం బిగించడానికొచ్చినప్పుడు పనిముట్లు ఈ బల్ల మీద పెట్టి, వేళ్లతో తట్టి, "మంచి బల్ల, బంతి బాగా లేస్తుంది" అన్నాడట. "మీరు ఆడతారా?" అని ఈవిడ అడిగారట. మర్నాడు బ్యాట్లు తెచ్చాడు. అంతే. పెళ్లికి ముందు అత్తయ్య పనిచేసిన మిల్లులో ఆడవాళ్ల పోటీల్లో ఆడేవారట. మీకు తెలుసా?

ఎందుకు దాచారు అత్తయ్యా అంటే ఏమన్నారో తెలుసా? "చెబితే నువ్వు నవ్వుతావు, వాడు నవ్వడు. రెండూ నాకొద్దు."

నేను నవ్వలేదు. కాస్సేపయ్యాక ఇద్దరం నవ్వాం.

మనసు తేలికపడింది. కానీ మీకు చెప్పకుండా ఎలా ఉంటాను. వెళ్లేటప్పుడు ఆయన గుమ్మంలో ఆగి, "రేపు?" అన్నాడు. ఆవిడ "రేపు" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటే. నాకు ఎందుకో ఆ మాట పెద్దదిగా వినిపించింది. మీ తమ్ముడూ నేనూ పెళ్లయిన కొత్తలో అలా మాట్లాడుకునేవాళ్లం.

నా అనుమానం రోగం నయమయ్యేది కాదు లెండి. ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉంటుందని అత్తయ్యకి మాటిచ్చాను.

మీ మరదలు

*

ఆసుపత్రి క్వార్టర్స్

మరదలికి,

నాకు తెలుసు. తెలుసు అంటే, మరిచిపోయిన సంగతి నీ ఉత్తరంతో పైకొచ్చింది. నాకు నాలుగేళ్లుంటాయేమో, పక్కగదిలో పడుకుని ఉంటే ఆ చప్పుడు వినిపిస్తూ ఉండేది. నాన్నా అమ్మా ఆడుకునేవాళ్లు. తర్వాత నాకు చదువొచ్చింది, తమ్ముడు పుట్టాడు, బల్ల మీద మా పుస్తకాలు పడ్డాయి. బ్యాట్లు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

అందుకే నాకు ఇంకా అనుమానం. అమ్మ ఆ ఆట నాన్నతో ఆడింది. ఇప్పుడు ఇంకొకాయనతో ఆడుతోంది. అది ఉత్త ఆట అని నువ్వెలా అంటున్నావు? నువ్వే రాశావు కదా, "రేపు" అన్న మాట ఎలా వినిపించిందో. నువ్వు గుమ్మంలో నిలబడి వింటేనే అలా ఉంటే, బల్లకి అటూ ఇటూ ఉన్నవాళ్లకి ఎలా ఉంటుంది?

చాలా ఆలోచించాను. తమ్ముడికి చెప్పకపోతే రేపు పొద్దున వాడే "అందరికీ తెలిసి నాకు చెప్పలేదు" అంటాడు. ఆ టైలరమ్మ నోటి మీదుగా తెలిసే బదులు అక్క నోటి మీదుగా తెలియడం నయం. తమ్ముడికి ఆఫీసు చిరునామాకి రాశాను. మెత్తగానే రాశాను. కాస్త కనిపెట్టి ఉండమన్నాను, అంతే.

మంచికే చేశాను. నువ్వు కోప్పడకు.

మీ వదిన

*

మూడో అంతస్తు

వదిన గారికి,

మీరు మెత్తగా రాసిన ఉత్తరం ఏం చేసిందో వినండి.

గురువారం మీ తమ్ముడు డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చాడు. నేను లాండ్రీలో ఉన్నాను. టైలరమ్మ ఫోన్ చేస్తే పరిగెత్తుకుంటూ వచ్చాను. అప్పటికే అరుపులు కింద వీధిదాకా వినిపిస్తున్నాయి. రెండు బ్యాట్లూ కిటికీలోంచి బయటికి విసిరేశాడు. తాళాలాయన్ని మెట్లు దింపుతూ, జబ్బ పట్టుకుని, షాపు దాకా తీసుకెళ్లాడు. అక్కడ తాళం చెవులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందూ "ఇంకోసారి మా మెట్లెక్కితే మర్యాద దక్కదు" అన్నాడు. ఆ పెద్దాయన రోడ్డు మీద పడ్డ బ్యాట్లు ఏరి, చొక్కాకి తుడిచి, లోపలికి వెళ్లి షట్టరు సగం దించుకున్నాడు. అత్తయ్య పైన కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

మీ తమ్ముడు పైకొచ్చాక అత్తయ్య ఒకే ప్రశ్న అడిగారు.

"ఏమనుకున్నావురా?"

ఈయన నేల చూశాడు.

"చెప్పు. నోటితో చెప్పు. మీ అమ్మ ఏం చేస్తోందనుకున్నావో, ఆ మాట పేరేమిటో నాకు చెప్పు."

"నలుగురూ ఏమనుకుంటారమ్మా" అన్నాడు.

"నలుగురి సంగతి కాదు. నువ్వు."

చెప్పలేకపోయాడు, వదినా. లిఫ్టు మీద నిలబడి ఇరవై అంతస్తులు వేలాడే మనిషి, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు. జేబులోంచి మీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. "అక్క రాసింది" అన్నట్టు. అత్తయ్య చదివారు. చదివి, మడిచి, నన్ను చూశారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అందులో నా పేరు లేకపోయినా, చూసినవి నా కళ్లే కదా.

శనివారం బస్సుకి మీ దగ్గరికి బయల్దేరుతున్నారు. నేను ఉండమని బతిమాలాను. "కోపం లేదే. ఇక్కడ కూర్చుంటే కిటికీ కనిపిస్తుంది" అన్నారు.

మీ ఇంట్లో చోటు ఉందని మీరే రాశారు. మంచి చోటు చూపించండి.

మరదలు

*

ఆసుపత్రి క్వార్టర్స్

మరదలికి,

అమ్మ వచ్చి ఐదు వారాలవుతోంది. నీకు రాయాలని కూర్చోవడం, లేచిపోవడం. ఇవాళ రాస్తున్నాను.

మొదటిరోజు గుమ్మంలో నిలబడి, "నీ ఉత్తరంలో నీ దస్తూరీ బాగుందే, చిన్నప్పుడు కోడిగీతలు గీకేదానివి" అంది. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. తిట్టి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని.

తనకి పొద్దుపోవాలని నేను తేనిది లేదు. ముక్కలు పేర్చే బొమ్మల పెట్టె తెచ్చాను, వెయ్యి ముక్కలది. అంచులు పేర్చి వదిలేసింది. రంగుల ఊలు, అట్టపెట్టెలో చదరంగం, పాత పాటల రేడియో. మా ఆయన పాపం చదరంగానికి కూర్చున్నాడు. అమ్మ మూడు ఆటలూ ఆయనకి వదిలేసింది. ఆయన తను గెలిచాననే అనుకుంటున్నాడు.

రెండు వారాల కిందట్నుంచి మధ్యాహ్నాలు బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. "అలా నడిచొస్తా" అంటుంది. వచ్చేసరికి ముఖంలో వెలుగు. నాకు మళ్లీ పురుగు తొలిచింది. తాళాలాయన ఈ ఊరు వస్తున్నాడా? ఎక్కడో కలుస్తున్నారా? నీకు నేను ఏం చెప్పానో అదే నేను చేశాను. ఒక మనిషిని నా బదులు డ్యూటీలో నిలబెట్టి, అమ్మ వెనకాలే వెళ్లాను.

మా ఆసుపత్రి వెనక సిబ్బంది కోసం ఒక రేకుల షెడ్డు ఉంది. వార్డు పిల్లలు డ్యూటీ దిగాక అక్కడ ఆడుకుంటారు. పెద్ద బల్ల, నిజమైన నెట్టు. అమ్మ గోడవార బెంచీ మీద కూర్చుని చూస్తోంది. తల అటూ ఇటూ తిరుగుతోంది బంతితో పాటు. కుడిచెయ్యి ఒళ్లో ఉన్నా మణికట్టు కదులుతూనే ఉంది. ఒక కుర్రనర్సు "రండమ్మా, ఒక్క గేమ్" అని బ్యాటు అందించింది. అమ్మ పట్టుకుని, బరువు చూసి, తిరిగిచ్చేసింది. "వద్దులే తల్లీ. నాతో ఆడే మనిషి వేరే ఊళ్లో ఉన్నాడు" అంది.

విన్నావా ఆ మాట? అనుమానపడాలంటే దానికంటే ఏం కావాలి? కానీ నాకు కోపం రాలేదు మరదలా. అక్కడి నుంచి కనపడకుండా వచ్చేసి, ఫిల్ములు కడిగే చీకటి గదిలో కూర్చున్నాను.

ఆయన ఎలా ఉన్నాడు? ఊరికే అడుగుతున్నాను.

మీ వదిన

*

లాండ్రీ కౌంటర్

వదిన గారికి,

మీరు అడగకముందే వెళ్లాను ఆయన దగ్గరికి. డూప్లికేటు తాళం చెవి కావాలన్న వంకతో. మధ్యాహ్నాలు ఇప్పుడు షట్టరు తీసే ఉంటోంది, కానీ ఆయన పని చెయ్యడం లేదు. ఊరికే కూర్చుని ఉంటాడు. బ్యాట్లు రెండూ గోడకి మేకులకి తగిలించి ఉన్నాయి. ఒకదాని అంచు పగిలితే జిగురు పెట్టి అతికించాడు.

"మా ఆయన తరఫున క్షమాపణ" అన్నాను.

"అబ్బాయి తల్లి కోసం అరిచాడు. నాకు అరిచేవాళ్లు కూడా లేరు. తప్పేముంది" అన్నాడు.

నాకు కడుపులో దాచుకోవడం చేతకాదు, అడిగేశాను. "మీరు మా ఇంటికి ఎందుకొచ్చేవారు? నిజం చెప్పండి."

చాలాసేపు ఆకురాయితో తాళం చెవి రాశాడు. "ఆవిడ ఎడమవైపు నుంచి కొట్టే దెబ్బకి నా దగ్గర జవాబు లేదమ్మా. ఇవాళ దొరుకుతుందని వెళ్లేవాణ్ని. దొరికేది కాదు. రేపు దొరుకుతుందనుకునేవాణ్ని" అన్నాడు. నేను ఆయన ముఖంలో మరక కోసం వెతికాను, అలవాటు కదా. దొరకలేదు.

తాళం చెవి చేతిలో పెడుతూ అడిగాడు, ఆవిడ ఏ ఊళ్లో ఉన్నారని. నేను ఆగాను. మీరు గుర్తొచ్చారు, మీ తమ్ముడు గుర్తొచ్చాడు, టైలరమ్మ గుర్తొచ్చింది. లాండ్రీ చీటీ వెనక మీ చిరునామా రాసిచ్చాను. ఏమనుకున్నా సరే.

మీ తమ్ముడు అన్నం తినేటప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చోవడం లేదు. పళ్లెం పట్టుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటున్నాడు. అమ్మకి ఫోన్ చెయ్యండి అంటే నంబరు సగం తిప్పి పెట్టేస్తాడు.

మీ మరదలు

*

పెద్దదాని ఇంటి వరండాలోంచి

పెద్దదానికీ, కోడలికీ,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. పెద్దదాన్ని చదివి కోడలికి పంపమన్నాను. కోడలు చదివి వాడికి ఇవ్వాలి. మీరు నా గురించి ఒకరికొకరు రాసుకున్నవి నేను చదవలేదు, ఒక్కటి తప్ప. మిగతావి చదవక్కర్లేదు.

ఆదివారం తాళాలాయన వచ్చారు. పెద్దది కుర్చీ వేసింది. వేసి, గుమ్మంలోనే నిలబడింది, టీలో పంచదార కలుపుతున్నట్టు. ఆ టీలో చెంచా ఎంతసేపు తిరిగిందో ఏమో, కప్పు అరిగిపోయుంటుంది. నేనే "లోపలికి వెళ్లవే" అన్నాను.

ఆయన వచ్చింది నన్ను వెనక్కి రమ్మని అడగడానికి. "షాపు వెనక గదిలో బల్ల వేయిస్తాను. తలుపు తీసే ఉంచుదాం. చూసేవాళ్లు చూస్తారు" అన్నారు. నేను వద్దన్నాను. తలుపు తీసి ఆడినా, మూసి ఆడినా, అనేవాళ్ల నోరు అలాగే ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. నాకు ఆ ఊహ లేదు. మూడు నెలలు ఆ మనిషి ఎదురుగా నిలబడి ఆడాను. నేను చూసింది బంతిని. ఎవరైనా అడిగితే ఆయన కళ్లు ఏ రంగో చెప్పలేకపోయేదాన్ని. ఆ ఊహ మీ ముగ్గురిది. ఒకరు పసిగట్టారు, ఒకరు ఉత్తరం రాశారు, ఒకడు వచ్చి వీధిలో అరిచాడు. అప్పటికి గాని నాకు తట్టలేదు, అలా కూడా ఉండొచ్చునని. ఆ తర్వాత ఇక్కడ కూర్చోబెట్టి, ఆలోచించుకోవడానికి బోలెడంత తీరిక ఇచ్చారు. ఊలు అల్లుతూ ఆలోచించాను. బొమ్మ ముక్కలు పేరుస్తూ ఆలోచించాను. అల్లుడికి చదరంగం వదిలేస్తూ కూడా ఆలోచించాను.

ఆదివారం ఆయన లేచి వెళ్లబోతుంటే అడిగాను, "నన్ను పెళ్లి చేసుకుంటారా?" అని.

పాపం, కుర్చీలో మళ్లీ కూర్చున్నారు. "మీ అబ్బాయి ఏమంటాడు?" అన్నారు.

"వాడు నాకంటే ముందే అనుకున్నాడు. నేనే ఆలస్యం" అన్నాను.

ఆయన నవ్వారు. గోధుమరంగు కళ్లు. ఇప్పుడు చూశాను.

మీ నాన్నని మరిచిపోయాననుకోకండి. ఆయన ఉంటే ఈ ఆట ఆయనతోనే ఆడేదాన్ని. ఆయనకి కూడా నా ఎడమవైపు దెబ్బ అందేది కాదు.

ఇల్లు గురించి ఎవరూ కంగారు పడొద్దు. కొడుకూ కోడలూ ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. పెద్దదానికి రావలసింది పెద్దదానికి ఉంటుంది. నేను షాపు వెనక రెండు గదుల్లో ఉంటాను. మీ ఇంటి నుంచి మెట్లు దిగి రావడమే.

వచ్చే నెల పదో తారీఖున, పొద్దున పదకొండింటికి, రిజిస్ట్రారు ఆఫీసులో. సాక్షులు కావాలట. ఆయనకి ఎవరూ లేరు. నా తరఫున మీలో ఎవరొస్తారో మీరే తేల్చుకోండి. బలవంతం లేదు. ఎవరూ రాకపోతే అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్లని అడుగుతాను. ఈ మధ్య అడగడం నేర్చుకున్నాను.

అమ్మ

*

లాండ్రీ కౌంటర్, సాయంత్రం

వదినా,

అత్తయ్య ఉత్తరం అందింది. మీరు దాని మీద ఏమీ రాయకుండా పంపారు. ఒక మూల కాగితం ఉబ్బి ఉంది, నీటి చుక్క పడి ఎండినట్టు. నేను అడగను.

నేను వెళుతున్నాను, సంతకం పెట్టడానికి. మీరు తొమ్మిదో తారీఖు బస్సుకి బయల్దేరితే ఇక్కడే పడుకోవచ్చు. చోటు ఉంది.

ఉత్తరం మీ తమ్ముడికిచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చదివాడు. మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత రోజులన్నీ మా ఇంట్లో మాటలు లేవు. వస్తాడో రాడో, అక్కడికొచ్చి ఇంకేం చేస్తాడో, నాకేం తెలుసు? రాత్రిళ్లు పక్కన పడుకుని ఆయన ఊపిరి వింటూ లోపల ఏముందోనని వెతికేదాన్ని.

ఇవాళ కౌంటరు దగ్గర తల వంచుకుని చీటీలు రాస్తున్నాను. ఎవరో వచ్చి సంచీలోంచి ఒక తెల్లచొక్కా తీసి నా ముందు పెట్టారు. తలెత్తితే ఈయన. ఇంట్లో ఇవ్వొచ్చు. పొద్దున నాతో పంపొచ్చు. అందరిలాగే వరసలో నిలబడి వచ్చాడు, వెనకాల ఇంకో ఇద్దరు ఉన్నారు.

"ఎప్పటికి కావాలి?" అన్నాను.

"తొమ్మిదో తారీఖు సాయంత్రానికి."

చీటీ మీద రాసుకున్నాను. అక్షరం వంకర పోయింది.

"గంజి పెట్టాలా?"

చొక్కా కాలరు వేళ్లతో నిమిరాడు. వెనకాలవాళ్లు గొంతు సవరించుకున్నారు.

"పెట్టు. గట్టిగా పెట్టు" అన్నాడు.

మీ మరదలు